శాతం గుర్తు వెనక

కుళ్లాయప్ప నాదస్వరం ఇప్పుడు
గోడమేకుకు వేలాడుతోంది, గుడ్డసంచిలో.
పీకల దండ మాత్రం ఇంకా మెడలో వేసుకుంటాడు,
ఇల్లు అమ్మేసిన మనిషి తాళంచెవులు వదలనట్టు.

నలభై ఏండ్లు బోరునీళ్లు తాగిన వేళ్లు.
మొదట చిటికెన వేలు, తర్వాత ఉంగరం వేలు
రంధ్రం మీదికి వంగనన్నాయి.
డాక్టరు ఫ్లోరైడ్ అన్నాడు.
కుళ్లాయప్ప ఏమీ అనలేదు.
కుడి చూపుడు వేలు ఆడించి చూపాడు: ఇది ఉండాది.

ఆ ఒక్క వేలితో
తాడిపత్రి బస్టాండు వెనక, షమీమ్ జిరాక్సు షాపులో
సాయంత్రాలు రాగాలు టైపు చేస్తాడు.
బొమ్మలుండవు, గీతలుండవు, ఉత్త అక్షరాలు.
స్వరానికి ఒక అక్షరం, నిడివికి ఒక అంకె,
పై స్థాయికి ఒక కొమ్ము.
తెరిచిన ప్రతి బ్రాకెట్టూ మూయాల.
మీట నొక్కితే యంత్రం కాసేపు ఆలోచించి
అచ్చుకాగితం తీస్తుంది, పెండ్లిపత్రిక కంటే నీటుగా.

నేను డోలు. పేరు ఓబులేశు.
ముప్పై ఒక్క ఏండ్లు అతని పక్కన కూర్చున్నవాణ్ణి.
నాకు ఒళ్లు మండింది.
"ఇదేం వాయించడమప్పా?"
"వాయిస్తాండానని ఎవురన్న్యారు? రాస్తాండా."
"అయితే తోడి గాంధారం రాయి, చూస్తా."

రాశాడు. గ.
బండ మీద ఆరిపోయిన బీడీముక్కలా
ఒక్క గ, కదలకుండా.
మాకు తెలిసిన గాంధారం అట్లుండదు.
పెన్నకు తొలినీళ్లొచ్చిన రోజు ఇసుక అది,
కాలు పెట్టిన చోట ఉండదు.
దాన్ని ఏడు ముక్కలు చేశాడు,
ముక్కముక్కకూ అంకె వేశాడు.
ఎర్రగా వచ్చింది: పదిహేడో వరుసలో తప్పు.
మూయని బ్రాకెట్టు.

మూసి, యంత్రంతోనే వాయింపించాడు.
సెల్‌ఫోనుకు జలుబు చేసినట్టుంది నాకు.
అతను కండ్లు మూసుకున్నాడు.
నేను విన్నది పీపీ,
అతను విన్నది తోడి.

గుత్తి పెండ్లి గుర్తు చేశా.
పల్లవి మరిచి ఈయన యాడికో పోతే
వెనకే పరిగెత్తి నేను ఎత్తుకున్నా.
జనం కొత్త సంగతి అనుకున్నారు,
పెండ్లికూతురి మేనమామ నూర్రూపాయలు చదివించాడు.
"ఆ తప్పు ఎన్నో వరుసలో ఉండాది చెప్పు?"

"అదే గదప్పా, నువ్వు ఎత్తుకున్న్యావు.
ఎత్తుకునేటోడు లేనోనికి
బ్రాకెట్టే దిక్కు."

నాకు జవాబు దొరకలేదు.
రోడ్డవతల నాపరాళ్ల పాలిష్ మిషను
రెండున్నర శ్రుతిలో మూలుగుతోంది.
సన్నగా ఒక్కసారి తగ్గింది.
ఇద్దరం ఒకేసారి అటు తల తిప్పాం.

నిన్న అతను రాలేదు. మోకాళ్లంట.
షమీమ్ నన్ను లోపలికి పిలిచింది.
"మామా, శాతం గుర్తు పెట్టి వెనక ఏం రాసినా
యంత్రం చదవదు. అచ్చులో రాదు.
ఈయన ఆడ చానా రాసినాడు, చూడు."

కండ్లద్దాలు లేవు. తెరకు ముక్కు ఆనించి చదివా.

% ఈడ ఊపిరి. మా నాయన తీసుకునేటోడు కాదు. నాకు కావాల.
% ఎండాకాలం ఈ నిషాదం పైకి పోతాది, పీక ఎండి. దిద్దొద్దు.
% యల్లనూరు తిరనాళ్లలో ఒక్కసారి వచ్చింది ఇది. మల్లా రాలేదు. సుమారుగా రాసినా.
% ఈడ నిద్రపోతాండే పిల్లోడు లేచినాడు. మెల్లగా.

నలభై రెండో వరుసలో:
% ఓబులేశు ఈడ తొందరపడతాడు. పడనీ.

నేనా? తొందరా?
ముప్పై ఒక్క ఏండ్లలో
ఒక్కనాడూ నాతో అనలేదే.

జిరాక్సు మిషను మూత మీద
ఆ వరుస దగ్గర్నుంచి వేళ్లతో వేసి చూసుకున్నా,
షమీమ్ కాగితాలు లెక్కపెడుతూ తల ఊపుతుంటే.

పడతాను.